కిటికీకి ఆవలి గుమాస్తా

2006వ సంవత్సరము ఫిబ్రవరి 2వ తేదీన, అనంతపురము జిల్లా నార్పల మండలములోని బండ్లపల్లె యను చిన్న పల్లెలో, నాటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ గారు జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకమును ఆరంభించి, కూలి కుటుంబములకు జాబ్ కార్డులు ఇచ్చిన నాడు, అచ్చట గుమిగూడిన జనులు చూచినది ఫొటో అంటించిన యొక చిన్న పుస్తకమును మాత్రమే. సంవత్సరమునకు 100 దినముల పని యడుగుటకు కుటుంబమునకు హక్కు కలదని యా పుస్తకము చెప్పుచుండెను. కాని దాని మీది సంఖ్య మఱియొక సంగతిని చెప్పుచుండెను. జిల్లా యేది, మండలమేది, పంచాయతి యేది, అందులో మీ కుటుంబమెన్నవది యని భాగభాగములుగా కూర్చిన యా సంఖ్య, ఎచ్చటనో దూరమున నున్న కంప్యూటరులో ఆ కుటుంబము పేరున తెఱవబడిన చిట్టాకు తాళపుచెవి వంటిది.

కొన్నేండ్లకు, ఎండలు ముదిరిన యొక మధ్యాహ్నమున, మండల కార్యాలయపు కిటికీ యెదుట నొక ముదుసలి యా పుస్తకమును ముందుకు చాచి, "నా దుడ్లు పడినాయేమో సూడప్పా" అని లోపలి పిల్లవాని నడుగుచుండగా నేను వెనుక నిలిచియుంటిని. పిల్లవాడు సంఖ్యను కొట్టెను. తెఱ మీద కొంతసేపు చక్రము తిరిగెను. పిదప ఆమె పేరు, పని చేసిన వారములు, దినములు, రావలసిన మొత్తము వరుసగా నిలిచిన పుట యొకటి వచ్చెను. ఆమె కమ్మీల నడుమ నుండి తొంగి చూచి, "ఇదంతా ఆ డబ్బాలోనే ఉండాదా?" అనెను.

"ఈడ యాడుంటాదవ్వా, హైదరాబాదులో ఉండాది."

"మరి నేను ఈడ అడిగితే ఆడ వానికెట్ల ఇనపడె?"

పిల్లవాడు నవ్వి తరువాతి వారిని పిలిచెను.

ఆ ప్రశ్నకు సమాధానము నాకును నాడు తెలియదు. తెలియుననుకొంటిని, అది మఱింత చెడ్డ సంగతి. పుటలను అందముగా అమర్చు విద్య, అనగా అక్షరముల రంగు, పెట్టెల అంచు, బొమ్మల కొలత వంటివి నాకు కొంత పట్టుపడియుండెను గనుక, వెబ్బు విద్య యంతయు నింతియే యని భ్రమించి, పది మందికి చెప్పుచు గూడ నుంటిని. ఆ ముదుసలి యడిగినది కిటికీకి ఈవలి సంగతి కాదు. ఆవల నొక గుమాస్తా యున్నాడు. వాడు కంటికి కనబడడు. వానికి వినబడుట యనగా నేమి, వాడు చిట్టా తిప్పుట యనగా నేమి, మరల సమాధానము వ్రాసి పంపుట యనగా నేమి యని ఆమె యడిగినది. ఆ గుమాస్తాను లోకము సర్వరనును. వానికి పని నేర్పుటయే సర్వరు ప్రోగ్రామింగు.

పుటలు రెండు విధములు. హోటలులో అద్దాల బీరువాలో ముందే కోసి పెట్టిన మైసూరుపాకు వంటిది మొదటిది; ఎవరడిగినను అదే ముక్క. చెప్పిన పిమ్మట పెనము మీద పోయు దోసె వంటిది రెండవది. ఒకరికి ఉల్లిపాయలతో, మఱియొకరికి కారముతో, ఇంకొకరికి నేతితో. జెనీవా నగర సమీపమునందలి సెర్న్ పరిశోధనాలయములో టిమ్ బెర్నర్స్-లీ 1989లో ప్రతిపాదించి, 1990 చివరకు పని చేయించిన మొట్టమొదటి వెబ్ సర్వరు మొదటి విధపుది. ముందుగా వ్రాసి యుంచిన పుటను అడిగిన వారికి అందించుటయే దాని పని. ఆ యంత్రమునకు, ఇది సర్వరు గనుక దీని కరెంటు తీయవలదని యెఱ్ఱ సిరాతో వ్రాసిన చీటి నొకదాని నాయన అంటించెనట. ఆ చీటిని మా యూళ్లలో అంటించిన నేమగునో చదువరులే యూహించుకొనవచ్చును. ఇచ్చట కరెంటునకు చదువు రాదు.

జాబ్ కార్డు పుట రెండవ విధపుది. అడుగుటకు ముందు అది యెచ్చటను లేదు. ఈ మాట నేర్చుకొనువానికి మొదట మింగుడుపడదు. హైదరాబాదులో ఆ ముదుసలి పేరున అచ్చొత్తిన పుట యొకటి అలమారులో నుండగా దానిని తీసి పంపిరని యతడు తలచును. అట్లు కాదు. పట్టికలలో అంకెలును పేర్లును విడివిడిగా నున్నవి. సంఖ్య రాగానే ఒక ప్రోగ్రాము వాని నేరి, లెక్క కట్టి, వాక్యములుగను వరుసలుగను కూర్చి, ఆ క్షణముననే పుటను పుట్టించి పంపినది. పంపిన వెంటనే మఱచినది.

ఇట్లు అడిగినప్పుడే వండు పద్ధతికి 1993లో, అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున కనుబంధమైన ఎన్‌సీఎస్‌ఏ యను కేంద్రమువారు, సీజీఐ యను పేర నొక నియమము నేర్పరచిరి. సర్వరు తనను అడిగినదానిని మఱియొక ప్రోగ్రామునకు అందించును. ఆ ప్రోగ్రాము వ్రాసినదానిని మరల అడిగినవారికి చేర్చును. ఆ నియమమంతయు నింతే. ఒక్కొక్క ముంత నీటికి ఒక్కొక్క కూలివానిని పిలిచి, పని తీరగానే పంపివేసినట్లు, ప్రతి విన్నపమునకు నొక కొత్త ప్రోగ్రాము పుట్టి చచ్చుట ఆ పద్ధతిలోని యిబ్బంది. తరువాతి కాలపు పనిముట్లు కూలివానిని దినమంతయు నిలిపి యుంచుట నేర్చినవి. 1994లో రాస్మస్ లెర్డార్ఫ్ అను నాతడు తన యుద్యోగ వివరముల పుటను ఎవరెవరు చూచుచున్నారో తెలిసికొనుటకై కొన్ని చిన్న పనిముట్లను వ్రాసికొనెను. మఱుసటి యేట లోకమునకు వదలిన యా పనిముట్లే పెరిగి పెరిగి పీహెచ్‌పీ యను భాషగా పరిణమించినవి. 2003 డిసెంబరులో పుట్టిన మన తెలుగు వికీపీడియా నేటికిని ఆ భాష మీదనే నడుచుచున్నది. ఒకానొకని కుతూహలము ఎంత దూరము పోవునో చెప్పజాలము.

రాయలసీమలో పుట్టినవానికి ఈ వ్యవస్థను బోధించుటకు వేఱు దృష్టాంతము వెదుక నక్కఱలేదు. చెఱువు కలదు, కట్ట కలదు, కట్టలో తూము కలదు, తూమునకు నీరుగంటి కలడు. ఆయకట్టు రైతు ఎంతటి వాడైనను తానే వచ్చి తూము నెత్తరాదు. నీరుగంటిని అడుగవలెను. ఎవరి మడికి వంతు వచ్చినది, ఎంతసేపు వదలవలెను, చెఱువులో నీరెంత మిగిలినదని యతడు విచారించి, తూము నెత్తి, కాలువ మళ్లించి, మరల మూయును. బ్రౌజరు రైతు, పట్టికలను దాచు డేటాబేసు చెఱువు, మనము వ్రాయు ప్రోగ్రాము నీరుగంటి. చెఱువునకు రైతునకు నడుమ నొక మనిషి యెందుకని యడిగినవాడు, ఎండకాలములో కట్ట మీద జరుగు కొట్లాటను చూడలేదని యర్థము.

ఐనను ఏ యుపమానమైనను ఒక చోట తెగును. వదలిన నీరు చెఱువులో తగ్గును. పంపిన సమాచారము తగ్గదు. అంతకన్న ముఖ్యమైన భేద మింకొకటి కలదు. నీరుగంటి యూరివారినందఱను ముఖము చూచి గుర్తుపట్టును. సర్వరు ఎవ్వరిని గుర్తుపట్టదు. దీనిని గూర్చి నిదానముగా చెప్పవలసియున్నది. ఏలయన, నేర్చుకొనువారిలో సగము మంది తడబడునది యిచ్చటనే.

అంతకుముందు మొదటి రాత్రి సంగతి. పైథాన్ భాషను, దానిలో ఫ్లాస్క్ అను చిన్న పనిముట్టును దింపుకొని, పుస్తకములో చూచి అయిదారు పంక్తులు వ్రాసితిని. ఎవరైనను వాకిటికి వచ్చి యడిగినచో నమస్కారమని చెప్పుమని దాని భావము. ప్రోగ్రామును నడిపించగా, నల్లని తెఱ మీద 127.0.0.1 అను చిరునామాయు, 5000 అను వాకిలి సంఖ్యయు చూపి యది నిలిచిపోయెను. నిలిచిపోయినదనగా చెడిపోయినదని తలచి రెండు మూడు మారులు ఆర్పి వెలిగించితిని. అది చెడిపోలేదు, కనిపెట్టుకొని యుండెను. అంతవరకు నేను వ్రాసిన ప్రోగ్రాములన్నియు మొదలై, పని చేసి, ముగియునవి. ఇది మొదలై, ముగియక, ఎవరో వచ్చి యడుగువఱకు చెవి యొగ్గి కూర్చుండునది. ఆ చిరునామా ఏ దూరదేశపుదియు కాదు, నా కంప్యూటరునకు దానిదే. తన్ను తాను పిలుచుకొను పేరు. బ్రౌజరులో దానిని కొట్టగానే నమస్కారమను మాట తెల్లని పుట మీద నిలిచెను. అదే క్షణమున నల్లని తెఱ మీద నొక పంక్తి పడెను: ఫలానా సమయమున గెట్ అను విన్నపము వచ్చినది, 200 అని బదులిచ్చితిని. 200 అనగా సరే. అడిగినదియు నేనే, బదులు పలికినదియు నేనే, రెండింటి నడుమ చిట్టా వ్రాసినదియు నేనే. సర్వరనగా చలువ గదిలోని పెద్ద యంత్రమను భ్రమ యా రాత్రితో తీఱెను. సర్వరనునది యంత్రము పేరు కాదు, ఉద్యోగము పేరు.

ఇక గుర్తుపట్టకపోవుట సంగతి. వెబ్బునందు ఒక్కొక్క విన్నపము ఒక్కొక్క ఉత్తరము వంటిది. దాని మొదటి పంక్తిలో ఏమి కావలెనో యుండును: చూపుమనుటకు గెట్ అనియు, ఇదిగో పుచ్చుకొనుమనుటకు పోస్ట్ అనియు, తరువాత నే పుట యనియు. ఉత్తరమునకు సమాధానము వ్రాసిన వెంటనే గుమాస్తా సర్వమును మఱచును. మఱు నిమిషమున అదే మనిషి మరల వచ్చి "ఇప్పుడే కదప్పా వచ్చిపోతి" అనినను, వానికి ఆమె కొత్త మనిషియే. ప్రారంభకుడు ప్రోగ్రాములో నొక చరరాశిలో పేరు దాచి, తరువాతి విన్నపములో అది యుండునని యాశపడును. తానొక్కడే పరీక్షించునంతసేపు అది యుండును గూడ; అందువలననే భ్రమ బలపడును. ఇద్దఱు మనుష్యులు ఒక్కసారి వచ్చిన నాడు ఒకని పేరు మఱియొకని పుటలో ప్రత్యక్షమగును.

దీనికి మందును 1994లో నెట్‌స్కేప్ సంస్థలో లూ మాంటుల్లి అను నాతడు కనిపెట్టెను. దాని పేరు కుకీ. గుమాస్తా జ్ఞాపకముంచుకొనలేడు గనుక, వచ్చిన మనిషి చేతికే యొక చీటి నిచ్చి, ఇకపై వచ్చినప్పుడెల్ల దీనిని చూపుమని చెప్పుట. చీటి మీద సంఖ్య తప్ప వేఱేమియు నుండ నక్కఱలేదు. ఆ సంఖ్యకు చెందిన వివరములు లోపలి చిట్టాలో నుండును. ఇది చదివిన నాడు నాకు మండల కార్యాలయపు కిటికీ మరల కంటికి కట్టినది. ఆ ముదుసలి చేతిలోని జాబ్ కార్డు చేయుచున్న పని యిదియే కదా! కార్యాలయమున కామె ముఖము గుర్తులేదు. ఉండ నక్కఱయు లేదు. అలసిన గుమాస్తా మాఱి కొత్తవాడు వచ్చినను, మండలము మాఱినను, సంఖ్య చెప్పినచో చిట్టా తెఱచుకొనును. మఱపును లోపముగా గాక కట్టుబాటుగా స్వీకరించి, జ్ఞాపకమును అడుగువాని చేతిలో పెట్టుట యీ విద్యలోని మొదటి కిటుకు; తక్కిన వ్యాకరణమంతయు దీని తరువాతిదే.

వ్యాకరణము నేర్చిన పిదప ఏదైన నొక పని చేయవలెను గదా. పుస్తకములన్నియు చేయవలసిన పనుల జాబితా నొకదానిని కట్టుమనును. నాకట్టి జాబితాలందు ఆసక్తి లేదు. మా యూరి బడి యావరణలో వర్షమాపక మొకటి కలదు. దాని లెక్కను కట్టుదమని తలచితిని. ఏటికి సగటున 550 మిల్లీమీటర్లకు అటునిటుగా వాన పడు నేలలో, అదియు సమయమునకు రాని నేలలో, వాన లెక్క జాతకము కన్న ముఖ్యమైనది. జూన్, జూలైలలో ఏ నాడెంత పడినది, ఎఱ్ఱ నేల పదునైనదా లేదా, చెనక్కాయ విత్తవచ్చునా యను నిర్ణయములో తప్పిన కుటుంబమునకు ఆ యేడు బెంగుళూరు బస్సే గతి. ప్రతి దినము ఉదయము 8 గంటల 30 నిమిషములకు కొలగాజులోనికి నీటిని వంచి, అంతకుముందు 24 గంటలలో పడిన వానను చదివి, ఆ తేదీ క్రింద వ్రాయుట వాతావరణ శాఖ వారి పద్ధతి. డిగ్రీ చదువుచున్న పిల్లవాడొకడు ఫోనులో అంకె కొట్టును. నా సర్వరు దానిని పుచ్చుకొని పట్టికలో వ్రాయును. ఎవరడిగినను ఆ నెల లెక్క చూపును.

పట్టిక యని తేలికగా నంటిని. దాని వెనుక నొక చరిత్ర కలదు. 1970లో ఎడ్గార్ కాడ్ అను గణితజ్ఞుడు, సమాచారమును వరుసలుగను నిలువు గడులుగను మాత్రమే యుంచి, వాని నడుమ సంబంధములను అందులోని విలువలతోనే గుర్తింపవలెనని ప్రతిపాదించెను. ప్రతి వరుసకును తనదంటూ ఒక తాళపుచెవి యుండవలెను. మనుష్యుల పేర్లు తాళపుచెవులు కాజాలవని మా పల్లెలకు తెలిసినంతగా వేఱెవరికి తెలియును? ఒక్క వీధిలో నలుగురు ఓబులేసులు, ముగ్గురు నాగన్నలు. తపాలా బంట్రోతు వారిని మీసముల ఓబులేసనియు, బావికాడి ఓబులేసనియు వేఱు చేయును. సర్వరునకు మీసములు కనబడవు, సంఖ్య కావలెను.

వర్షమాపకము ఒక్కటే గదా, దీనికి తాళపుచెవి యెందుకని నేను నిర్లక్ష్యము చేసితిని. జూలైలో ఒక రాత్రి మంచి వాన పడినది. ఉదయము పిల్లవాడు కొలిచి 42 కొట్టెను. ఫోను సిగ్నలు మందముగా నుండెను. చక్రము తిరుగుచునే యుండుటచే, పోలేదేమోనని మరల నొత్తెను. రెండు ఉత్తరములును చేరినవి. గుమాస్తాకు మఱపు గదా. మొదటి దానిని మఱచి రెండవ దానినిగూడ భక్తితో వ్రాసికొనెను. నా పుట ఆ దినపు వాన 84 మిల్లీమీటర్లని చూపెను. అనగా సంవత్సరపు వానలో ఏడవ వంతునకు మించి యొక్క రాత్రిలో! పది గంటలకు పక్కయూరి రైతు ఫోను చేసి, "ఏమప్పా, మీ చెరువు అలుగు పారతాండాదంట కదా, సూడనీకి రావాల్నా?" అనెను. చెఱువులో మోకాటి లోతు నీరు లేదు.

ఆ సాయంత్రమంతయు కూర్చుండి రెండు మార్పులు చేసితిని. వర్షమాపకము పేరును తేదీయు కలిపి తాళపుచెవిగా చేసితిని. ఒక తేదీకి రెండవ వరుస వచ్చినచో డేటాబేసే నిరాకరించును. రెండవది, అంకెను పుచ్చుకొన్న వెంటనే పుటను చూపక, 303 అను సంకేతముతో, పని యైనది, ఇక ఫలానా పుటను చూచుకొనుమని బ్రౌజరును పంపివేయుట. దీని వలన పుటను మరల తాజా చేసినను మరల వ్రాత జరుగదు. ఈ రెండు జాగ్రత్తలును పుస్తకములో నున్నవియే. చదివియు నుంటిని. వాన 84 అయిన పిదప గాని అవి నాకు అర్థము కాలేదు.

ఆ సందర్భమున నింకొకటి తోచినది. నా సర్వరు 84 అని చెప్పినప్పుడు, దాని స్వరము 42 అని చెప్పినప్పటి స్వరమే. అక్షరములు అంతే నిండుగా, గడులు అంతే తిన్నగా. సర్వరు సత్యము నెఱుగదు, వ్రాయబడినదాని నెఱుగును. ఉపాధి హామీ లెక్కలలో దీనిని మొదటనే గ్రహించినవారు కలరు. 2006 నుండి ఆంధ్రప్రదేశములో జరిగిన సామాజిక తనిఖీలలో, మస్టరు లెక్కలను కాగితముల మీద చదువుచు కూలీల యిండ్లకు పోయి, ఫలానా వారము నీవు ఆరు దినములు పని చేసినట్లున్నది, నిజమేనా యని యడిగి, గ్రామసభలో బహిరంగముగా వినిపించిరి. నిజము కాదని కూలీ చెప్పినచో, తప్పు కంప్యూటరుది కాదు, దానిలోనికి వ్రాసిన చేతిది. కాని కంప్యూటరు పుట లేకున్న ఆ చేతిని పట్టుకొనుట మఱింత కష్టమయ్యెడిది.

తెలుగు అక్షరముల కథ కొంచెము చెప్పవలెను. ఇంగ్లీషు పుస్తకములలో నిది యుండుట అరుదు. నా పుటలో గ్రామముల పేర్లను తెలుగున వ్రాసి దాచితిని. మరల తీయగా వరుసగా ప్రశ్నార్థకములు వచ్చినవి: "??????". ఊరి పేరడిగినందుకు ఊరే మనల నడిగినట్లుండెను. కారణమిది. యూనికోడు అను అంతర్జాతీయ పట్టికలో ప్రతి యక్షరమునకు నొక సంఖ్య కలదు. మన "అ" సంఖ్య 3077. డిస్కు మీద వ్రాయునప్పుడు, 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనువారు కూర్చిన యూటీఎఫ్-8 పద్ధతిలో, ఆ యొక్క అక్షరము 224, 176, 133 అను మూడు బైట్లుగా మాఱును. ఇంగ్లీషు అక్షరమునకు ఒక్క బైటు చాలును. నా పాత డేటాబేసు పట్టిక పశ్చిమ ఐరోపా అక్షరముల కొఱకు మాత్రమే యేర్పడినది. తెలుగు అక్షరమునకు తన వద్ద చోటు లేదని యెఱిగి, నోరు మెదపక ప్రశ్నార్థకమును వ్రాసి యూరకుండెను. అసలు అక్షరములు పోయినవే. తరువాత పద్ధతి మార్చినను అవి తిరిగి రావు. ఇంకొక చోట బైట్ల లెక్కన 20 గడులు మాత్రమే యిచ్చిన పట్టికలో ఓబులేసు పట్టలేదు. ఓ, బ, దాని కొమ్ము, ల, దాని ఏత్వము, స, దాని కొమ్ము: ఏడు గుర్తులు, 21 బైట్లు. చివరి కొమ్ము తెగి యతడు ఓబులేస అయ్యెను. కనుక మొదటి దినముననే, ఫైలునందు, డేటాబేసునందు, పుటనందు, మూడింటను యూటీఎఫ్-8 అని నిర్ణయించుకొనుడు; మైఎస్‌క్యూఎల్ వాడువారు అందులో యూటీఎఫ్8ఎంబీ4 అను పేరుగల దానినే యెన్నుకొనుడు.

నేర్చుకొనువాని స్వభావమునకు విరుద్ధమైన పాఠమొకటి కలదు: అవిశ్వాసము. అంకెల గడిలో 0కి తక్కువ, 500కు ఎక్కువ రాకుండ బ్రౌజరులో కట్టుదిట్టము చేసితిని, ఇక భయము లేదని ప్రారంభకుడు నిద్రపోవును. బ్రౌజరు రైతు చేతిలోని వస్తువు. దానిని ప్రక్కన పెట్టి, ఉత్తరమును చేతితోనే వ్రాసి పంపువారు కలరు. కట్టుదిట్టము తూము వద్ద నుండవలెను గాని మడి గట్టున కాదు. పేరు వ్రాయవలసిన గడిలో కొందఱు కొటేషను గుర్తు నొకటి వేసి వాక్యమును మధ్యలో త్రుంచి, దాని వెనుక పట్టికనంతటిని కొట్టివేయుమను ఆజ్ఞను తగిలింతురు. వచ్చిన మాటను ఆజ్ఞలో నేరుగా అతికించినవాడు మునుగును. మాట వేఱు, ఆజ్ఞ వేఱు అని రెండు చేతులతో అందించు పద్ధతి ప్రతి భాషలోను కలదు, దానిని వాడినవాడు బ్రతుకును. రహస్య పదములను ఉన్నవి ఉన్నట్లు దాచుట మహాపాపము. చెనక్కాయను గానుగలో ఆడించినట్లు వానిని హాష్ చేసి యుంచవలెను. నూనె నుండి కాయను రాబట్టలేము. మరల కాయ తెచ్చినవానిది ఆడించి, అదే నూనె వచ్చినదా యని పోల్చి చూడవచ్చును.

తప్పుల సంఖ్యలను గూర్చి రెండు మాటలు. 404 అనగా అట్టి పుట లేదు. అడిగినవాని తప్పో, మనము త్రోవ పేరు తప్పు వ్రాయుటయో. 500 అనగా లోపల మన ప్రోగ్రామే కూలినది. ఇది ఎప్పుడును మన తప్పే. కూలినప్పుడు పైథాన్ పుటెడు పొడవున ఫిర్యాదు వ్రాయును. కొత్తవాడు దానిని చూచి బెదరి తెఱ మూయును. దానిని క్రింది నుండి పైకి చదువవలెను: చివరి పంక్తిలో రోగము పేరుండును, దాని పైన ఏ ఫైలులో ఎన్నవ పంక్తిలో నొప్పియో యుండును. నాకీ మాట చెప్పిన పిల్లవాడు నాకన్న ముప్పది యేండ్లు చిన్నవాడు. 1946లో ఆరంభమై, 1972లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయములో భాగమై, 2008లో అనంతపురమునకే ప్రత్యేక విశ్వవిద్యాలయముగా వెలసిన విద్యాస్థానమునకు చెందిన కళాశాల యొకదానిలో నాతడు చదువుచుండెను. విద్యకు వయసు లేదందురు గాని, గురువు వయసు తెలిసినప్పుడు శిష్యునకు కొంచెము సిగ్గుండును.

ఏ భాష నేర్వవలెనని నన్ను తఱచు అడుగుదురు. పైథాన్ అని చెప్పి యూరకుందును. వాదము పెంచుట నాకిష్టము లేదు. పీహెచ్‌పీతోను, 2009లో వచ్చిన నోడ్‌తోను గూడ ఇవే గుమాస్తా పనులు. పనిముట్లలో ఫ్లాస్క్ చిన్నది, అన్నియు మనమే అమర్చుకొనవలెను. జాంగో పెద్దది, సంసారమంతయు సర్ది యిచ్చును. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రమున నొక స్థానిక వార్తాపత్రికకు పని చేయువారు, సంపాదకులు సాయంకాలమునకు కావలెననిన పుటను సాయంకాలమునకే యియ్యవలసి వచ్చి కట్టుకొన్న పనిముట్టు అది. 2005లో లోకమునకు వదలిరి. చిన్నదానితో ఆరంభించుట మేలని నా యభిప్రాయము; లేనిచో దీపము వెలుగుట చూతుము గాని తీగ యెచ్చట కలిసినదో తెలియదు.

నా వర్షపు చిట్టా కొంతకాలము నా బల్ల మీదనే యుండెను. కరెంటు పోయినప్పుడెల్ల అదియు పోవుచుండెను. పిదప నెలకు కొన్ని వందల రూపాయల అద్దెకు దూరపు యంత్రములో నొక మూల పుచ్చుకొని దానినక్కడికి తరలించితిని. తరలించిన నాడు ఏదియు పని చేయలేదు. బల్ల మీద ఫైలు దొరికిన త్రోవ అక్కడ లేదు. అభ్యాసమునకిచ్చిన చిన్న సర్వరును నలుగురి కొఱకు వాడరాదని అది ప్రతి యారంభమునందును ముందే హెచ్చరించుచుండెను, నేను చదువలేదు. డేటాబేసు రహస్య పదమును కోడులోనే వ్రాసియుంచితిని. మూడు రాత్రులు పట్టినది. ఆ తరువాత చేసిన మంచి పని యొకటి: ప్రతి రాత్రియు పట్టిక ప్రతిని వేఱొక చోట దాచునట్లు ఏర్పాటు చేసి, దాచిన ప్రతి నుండి మరల పట్టికను నిలబెట్టగలనా యని నెలకొకసారి చేసి చూచుట. గుమ్మిలో గింజ లున్నవని నమ్ముట వేఱు, చేయి పెట్టి చూచుట వేఱు.

మొన్నటి జూన్ చివర మరల వాన వచ్చినది. ఉదయము 8 గంటల 30 నిమిషములకు పిల్లవాడు 31 కొట్టెను. నేను నల్లని తెఱ ముందు కూర్చుండి చిట్టాను చూచుచుంటిని. పోస్ట్, 303, గెట్, 200. పిల్లవాడే. తరువాత కొంతసేపు ఏమియు లేదు. 8 గంటల 41 నిమిషములకు మఱియొక గెట్ వచ్చెను. ఎవరో నాకు తెలియదు, సర్వరునకును తెలియదు. పది నిమిషములకు వీధిలో మా పక్కింటి యాయన, చెవి వద్ద ఫోను పట్టుకొని, బెంగుళూరులో కట్టడముల పనికి పోయిన కొడుకుతో గట్టిగా మాటలాడుచుండెను. "ఔనురా, ముప్పైయొకటంట. నువ్వు ఆడనే సూసినావా? సరే, నేను పొలానికి పోయి మట్టి పట్టి సూసి సెప్తా." ఫోనును జేబులో వేసికొని, చెప్పులు తొడుగుకొని, ఆయన చేని వైపు నడచెను.